తారామణి కుట్టించిన పరుపు

నాచారంలో తారామణి పేరెత్తితే చాలు, "మొగన్ని సూసుకుంటె గట్ల సూసుకోవాలె" అనేవాళ్లు. ఆ మెప్పే ఆమె కొంప ముంచింది.

భర్త ఉప్పలయ్య దారం మిల్లులో పనిచేసేవాడు. రెండువేల నాలుగులో, ఇరవై ఎనిమిదేళ్లకే, తెల్లారి లేచేసరికి నడుము కొయ్యబారిపోయేది. మిల్లులో కాసేపు అటూ ఇటూ తిరిగాక సడలేది. ఆ సంగతి ఎవరికి కావాలి? నడుంనొప్పంటే పడుకోవాలి, అంతే! తారామణి అతని చేత పని మాన్పించి, తాను నాలుగిళ్లలో పనికి కుదిరింది. ఉప్పల్ వెళ్లి మందపాటి దూది పరుపు కుట్టించింది. తలకింద రెండు దిండ్లు. ట్యాంకరొస్తే బిందెలు తనే మోసింది. అతను చెంబు ముట్టుకున్నా, "నేను సచ్చిన్నా ఏంది? పండుకో!" అని కసిరేది. కాలు కింద పెట్టనిచ్చేది కాదు మహాతల్లి. అలా ఐదేళ్లు.

మెడ ముందుకు వంగిపోయి ఎదుటి మనిషిని చూడలేని రోజొచ్చాక పెద్ద దవాఖానాకు తీసుకెళ్లింది. ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ నిట్టూర్చింది.

"ఇది వెన్నుపూసలకొచ్చే వాపు జబ్బమ్మా. పడుకుంటే బిగుస్తుంది, కదిలితే సడలుతుంది. మందులు వాడాలి, రోజూ నడవాలి, వ్యాయామం చెయ్యాలి. గట్టి మంచం, పలచటి దిండు. బీడీ మానాలి. అతుక్కున్న ఎముకలు మాత్రం విడిపోవు. మిగిలినవైనా కాపాడుకోండి."

పరుపు ఆ రోజే బయటపడేసింది. రోజూ పొద్దున అతన్ని గోడకు ఆనించి నిలబెట్టేది. మడమలు ఆనేవి, తల ఆనేది కాదు. గోడకూ తలకూ మధ్య జానెడు సందు. ఆరు నెలలు వ్యాయామం చేయించింది. నొప్పి తగ్గింది, నడక కుదిరింది. సందు మాత్రం జానెడు జానెడే.

ఒకరోజు ఆ సందులో చెయ్యి పెట్టి కొలుస్తూ భోరుమంది.

"నా సేతులతోనే నిన్ను గిట్ల జేసిన. నడిస్తె మంచిగుంటదని ఒక్కపారన్న జెప్పొద్దా?"

"ఎరుకనే తారా" అన్నాడు ఉప్పలయ్య. "మొదట్ల నువ్వు పనికి వోయినంక లేసి ఇంట్లనే తిరిగిన. పాణం అల్కగైంది. పొద్దుమీకి నువ్వు అలిసొచ్చి నా కాళ్లు ఒత్తవడితివి. లేస్తనంటె నీ కష్టమంత ఉత్తదే అయితదని, నీ మనసు నొస్తదని పండుకున్న."

తారామణి గుండె చెరువైంది. తిట్టాలో, కాళ్లు పట్టుకోవాలో తెలియలేదు. అతని ముఖం చూద్దామంటే తల నేలకేసి వంగి ఉంది. కింద కూలబడింది. అక్కడి నుంచి చూస్తేగాని అతని కళ్లల్లో నీళ్లు కనబడలేదు.