నూనె పోసిన పిండికట్టు

నేను ఆఫ్రికాలోని మలావీకి మిషను సేవకు వెళ్లింది వాక్యం చెప్పడానికి. ఈ మాట చెబితే మా చిత్తూరు సంఘంలో ఆడవాళ్లు ఇప్పటికీ పడిపడి నవ్వుతారు. పదిహేనేళ్లు నర్సుగా చేసి, మూడు నెలలు సెలవు పెట్టి, అద్దం ముందు నిలబడి నా సాక్ష్యం బట్టీపట్టి మరీ మా సంఘం జట్టుతో వెళ్లాను. దేవుడు నన్ను పిలిస్తే మైకు ముందుకే పిలుస్తాడని నా నమ్మకం. అంత పొగరు నాకు.

తీరా వెళ్లిన రెండోరోజే నన్ను తీసుకెళ్లి పసిపిల్లల కాళ్లకు కట్లు కట్టే గదిలో పడేశారు. పాదం లోపలికి మెలితిరిగి పుట్టిన బిడ్డలు వస్తారక్కడికి. వారం వారం ఆ పాదాన్ని కొంచెం కొంచెంగా సరైన వైపుకు తిప్పి, తిప్పిన చోట నిలిచేలా వేళ్ల నుంచి తొడ దాకా పిండికట్టు వేస్తారు. ఆరు కట్లు మారేసరికి పాదం చక్కబడుతుంది. ఆ గది చూసుకునే ఆవిడ అక్కడి మనిషే, నాకంటే పదేళ్లు పెద్ద. అక్కా అని పిలిచేదాన్ని. అర్థం చెప్పాక ఆవిడ ఆ పిలుపుకే పలికేది. ఇద్దరికీ వచ్చిన అరకొర ఇంగ్లీషుతో నెట్టుకొచ్చాం.

"నీ చేతులకు ఈ పని ముందే తెలిసినట్టుందే" అంది అక్క. నాకు చిర్రెత్తుకొచ్చింది. తెలియకేం? మా నాయన పుత్తూరులో ఎముకల వైద్యుల దగ్గర ముప్పయ్యేళ్లు కట్లు కట్టాడు. వెదురుబద్దలు పెట్టి, పసరు పూసి, గుడ్డ చుట్టే ఆ వసారాలోనే నేను పెరిగాను. ఆ పసరు వాసన వదిలించుకోవడానికే నర్సు చదివాను. సముద్రం దాటి వచ్చినా మళ్లీ కట్లేనా ప్రభువా అని ఆ సాయంత్రం దేవుడితో పోట్లాడాను.

మూడోవారం ఒక తల్లి వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయేమో. వీపున కట్టుకున్న ఆడబిడ్డకు రెండు నెలలు. కుడికాలి అరికాలు పైకి తిరిగి ఉంది. వాళ్ల ఊరు ఏటికి అవతల. ఇంకో ఏడు వారాల్లో వానలు పడతాయి, ఏరు నిండితే అవతలి నుంచి ఎవరూ రాలేరు. మధ్యలో ఆపేస్తే పాదం మళ్లీ తిరిగిపోతుందని అక్క చెప్పింది. ఆరు కట్లకు ఏడు వారాలు.

మొదటి కట్టు నేనే వేశాను. వేలెడంత పాదం. బలం పెట్టొద్దంది అక్క. ఊరికే పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి లోపల ఏదో సడలి, నూలుపోగంత జరిగింది. అబ్బ! ఒళ్లంతా జలదరించింది నాకు. ఎన్ని వేల సూదులు వేసుంటాను, ఒక్కనాడూ ఇలా కాలేదు. ఈ బిడ్డ రేపు ఎలా నడుస్తుందో నా బొటనవేలి కింద తేలుతోంది. దేవుడు మనిషిని మట్టితో చేశాడని చిన్నప్పటి నుంచీ వింటున్నదాన్నే. ఆయన చెయ్యి ఎంత మెత్తగా ఉండి ఉంటుందో ఆరోజే తట్టింది. నా పని ఇదేనని కూడా ఆరోజే తెలిసింది.

ఆ మైకంలోనే తప్పు చేశాను. పుత్తూరు కట్టు కట్టించుకున్న వాళ్లకు పంపేముందు ఒక మాట చెబుతారు. కట్టు ఎండనీయొద్దు, రెండుపూటలా నూనె పోయండి అని. గుడ్డకట్టుకు అది సరే. వసారాలో వందలసార్లు విన్న ఆ మాటను, అక్క వేరే బిడ్డతో ఉన్నప్పుడు, నేను ఆ తల్లికి సైగలతో చెప్పేశాను. మిషను వంటింట్లోంచి సీసాడు నూనె తెచ్చి ఇచ్చాను కూడా.

వారానికి ఆమె వచ్చింది. చెప్పినట్టే రెండుపూటలా పోసింది పాపం. లోపలి దూది నాని, కట్టు జారిపోయి, మడమ ఒరుసుకుని పుండు పడింది. పాదం మొదటికొచ్చింది. పుండు మానేదాకా రెండు వారాలు కట్టు వేయకూడదు. ఇక మిగిలేది నాలుగు వారాలే.

"నూనె పోయమని ఎవరు చెప్పారు?" అని అక్క ఆమెను గద్దించింది. ఆమె తల వంచుకుంది కానీ నా వైపు వేలు చూపలేదు. నాకు ప్రాణం చచ్చిపోయింది. "నేనే అక్కా. మా ఊరి అలవాటు. తప్పు నాదేనని ఆమెకు చెప్పు" అన్నాను. అక్క చెప్పింది. ఆమె బిడ్డను వీపున కట్టుకుని వెళ్లిపోయింది.

నాయనకు ఫోన్ చేసి జరిగింది చెప్పి, కట్లు పూర్తికాకముందే ఏరు నిండుతుందని, మా జట్టుతో నేనూ తిరిగి రావాలని ఏడ్చాను.

"పిండికట్టుకు నూనె పోయమంటివా? ఓసి పిచ్చిదానా! యాడన్నా పోస్తారా?" అని ముందు తిట్టాడు. తర్వాత గొంతు మెత్తబడింది. "సూడమ్మా, ఆ బిడ్డ కాలు మద్దెలో ఇడిసిపెట్టి ఎట్లొస్తావు? మీవాళ్లను పొమ్మను. నేనీడ బాగానే ఉండాన్లే."

రెండు వారాల తర్వాత ఆమె వచ్చింది. వస్తుందనుకోలేదు నేను. అక్క చేతులు చాచింది. ఆమె అక్కను దాటుకుని వచ్చి బిడ్డను నా ఒళ్లో పెట్టింది. అక్క కట్టు తడిపే నీళ్ల గిన్నెను నా పక్కకు జరిపింది.

నాలుగు కట్లయ్యాయి, ఇంకా రెండు మిగిలాయి. మబ్బులు పట్టగానే దూదీ పిండిగుడ్డలూ మూటగట్టుకుని నేనే ఏరు దాటి, అవతలి ఊరి ప్రార్థనగదిలో మకాం పెట్టాను. మా జట్టు నన్ను వదిలి విమానమెక్కింది. ఏరు తగ్గేసరికి నా సెలవు దాటిపోతుంది, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. మొక్కజొన్న పిండితో వాళ్లు చేసేది అచ్చం మన సంగటే. అందులోకి ఊరిబిండి పచ్చడి లేదన్నదొక్కటే నా ఏడుపు.

ఆరో కట్టు విప్పిన రోజు వాన దంచి కొడుతోంది. తడిసిన పిండి ఒలిచి, పాదం తుడిచి, అరచేతిలో ఆనించుకున్నాను. అయిదు వేళ్లు, మడమ, అన్నీ ఒక్కసారిగా ఆనాయి. స్తోత్రం అనుకున్నాను. పాదం మళ్లీ తిరగకుండా ఇంకా కొన్నేళ్లు పట్టీబూట్లు వేయాలి, అయినా ఈ కాలు నడుస్తుంది.

తల్లి ఆ పాదాన్ని నిమిరి, గుమ్మం వైపు తిరిగి ఎవరినో పిలిచింది. తడిసి ముద్దయిన ఇంకో తల్లి, చంకలో మూడు వారాల బిడ్డ, రెండు పాదాలూ మెలితిరిగి ఉన్నాయి. ఆమె లోపలికి రావడానికి జంకుతోంది. అప్పటికి వాళ్ల మాటలు నాకు కొద్దికొద్దిగా తెలుస్తున్నాయి.

"ఈమెకే ఇవ్వు" అంటోంది మొదటి తల్లి. "తప్పు చేస్తే చేశానని చెబుతుంది."

నేను చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాను.