నెత్తిన కొంగేసుకున్న మా ఫోర్‌మన్ నర్సన్న

నిన్న పొద్దున డ్యూటీకి షూస్ వేసుకుంటుంటే ఫోన్ వచ్చింది. నర్సన్న ఇక లేడట.

"ఏ నర్సన్న?" అని అడిగాను. మతిపోయింది నాకు. ఇక్కడ గల్ఫ్‌లో, బిర్కత్ అల్ అవామిర్‌లోని మా లేబర్ క్యాంప్ మొత్తానికి నర్సన్న ఒక్కడే కదా!

చుట్టీ మీద, అంటే సెలవు మీద, జగిత్యాల వైపు వాళ్ళ ఊరికి వెళ్ళి పది రోజులే అయింది. గుండెపోటు.

ఏడుపొస్తోంది. అంతలోనే నవ్వూ వస్తోంది. ఆయన గుర్తొస్తే నవ్వకుండా ఎట్లా?

బుర్ర మీసాలు. సైట్‌లో "యల్లా, కదలుర్రి!" అని అరిస్తే క్రేన్ డ్రైవర్ కూడా ఉలిక్కిపడేవాడు.

అదే మనిషి శుక్రవారం మా రూములో తువ్వాల నెత్తిన కొంగులా వేసుకుని, చుట్టీకి వెళ్ళేవాడి ముందు పెళ్ళాంలా కూర్చునేవాడు. ఇంటికెళ్ళాక చేయి లేవకుండా ఉండటానికి రిహార్సల్!

రెండేళ్ళకోసారి ఇంటికెళ్ళి, ఉన్న రెండు నెలల్లో భార్యను కొట్టి వచ్చేవాళ్ళు మాలో చాలామందే. తానూ ఒకప్పుడు కొట్టినవాడినేనని ముందు తనే చెప్పేవాడు. "సిగ్గువడుకుంటనే చెప్తున్న, ఇనుర్రి" అనేవాడు.

నేనూ వాళ్ళలో ఒకణ్ణి. ఒక చుట్టీలో నా భార్య లావణ్య మీద చేయి చేసుకున్నాను. ఇంకోసారి చేయి లేస్తే పిల్లను తీసుకుని వెళ్ళిపోతానంది. మా ఆవిడ అన్నదంటే అన్నదే.

"కోపమొస్తే నాకు సోయుండదన్నా, ఏం చేస్తున్ననో తెల్వది" అని నర్సన్నతో చెప్పుకున్నాను.

నా రిహార్సల్ రోజు కొంగు సవరించుకుని, గొంతు సన్నం చేసి, "వచ్చినకాంచి ఫోనేనాయె. నేను మనిషి లెక్క కనవడ్తలేనా?" అన్నాడు. రూమంతా పడీ పడీ నవ్వింది. ఆయన ఆపలేదు. నా తాగుడు ఎత్తాడు, మా అమ్మను అన్నాడు. నాకు నిజంగానే మండింది. చేయి లేచింది.

గాలిలోనే ఆగిపోయింది. ఎదురుగా ఉన్నది ఫోర్‌మన్ మరి!

"ఆగింది సూడుర్రి!" అని ఎగిరి గంతేశాడు. "సోయుండదంటివి గదరా? మరి నా ముంగట ఎట్లొచ్చింది? నన్ను కొడ్తె డ్యూటీ పోతది. ఆమెను కొడ్తె ఏం గాదని నీ ధీమా. గంతే."

నవ్వులు ఆగిపోయాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

తర్వాత ఇంటికెళ్ళాను. గొడవ రాకుండా ఉంటుందా, వచ్చింది. చేయి లేవలేదు. బయటికెళ్ళి, చల్లబడ్డాక వచ్చి, ఆమె చెప్పేది కూర్చుని విన్నాను.

తిరిగొచ్చాక నర్సన్న నన్ను ఒక్క ముక్క అడగలేదు. "మగోన్ని అడిగితె ఏం తెలుస్తది? రిపోర్ట్ ఇంటామెది. నువ్వు బయటికి నడు" అని లావణ్యకు ఫోన్ కలిపాడు. వరండాలో పరీక్ష రిజల్ట్ కోసం నిలబడ్డట్టు నిలబడ్డాను.

తలుపు తీసుకుని వచ్చి నన్ను గట్టిగా పట్టుకున్నాడు. "నీకు చెప్పుమన్నదిరా. ఈసారి భయం గాలేదట!" ఆ రోజు రూమంతటికీ సేమియా పాయసం ఆయనే వండాడు. చక్కెర ఎక్కువేసి పాడుచేశాడు. గిన్నె నాకేశాం.

నిన్న ఈ వార్త చెబితే లావణ్య నాకన్నా ముందు ఏడ్చింది.

ఈ రోజు పొద్దున్నే, ఎన్నడూ చూడని ఆ ఊరికి, నర్సన్న భార్య పక్కన కాసేపు కూర్చుని వస్తానని బస్సెక్కింది. నన్ను అడగలేదు. ఎక్కాక ఫోన్ చేసి చెప్పింది.

నాకు ఎంత సంతోషమైందో!

పోయి రా నర్సన్నా. ఎక్కడున్నా పదిమందిని నవ్విస్తూ చల్లగా ఉండు.