ఏ ఆకైనా తింటాది

అట్టపెట్టె మీది టేపు కోయగానే అంగడంతా స్ట్రాబెర్రీ వాసన నిండిపోయింది. పండు వాసన కాదు, చిన్నప్పుడు బడి ముందర అమ్మిన సెంటు రబ్బరు వాసన. లోపల కుందేళ్ల తినుబండారాల పొట్లాలు వరసగా పేర్చి ఉన్నాయి. గులాబీ, పసుపు, ఆకుపచ్చ రంగుల బిళ్ళలు, పొట్లం మీద పళ్ళు బయటపెట్టి నవ్వే కుందేలు బొమ్మ. నేను అడిగినవి కావు. డీలరు అడగకుండానే వీటిని మిగతా సరుకులో కలిపి పంపుతాడు, నేను మళ్ళీ కట్టి వెనక్కి పంపుతాను. ఇద్దరికీ విసుగు రావడం లేదంటే అబద్ధం. మదనపల్లెలో నాది చిన్న అంగడి. కుక్కలకు, పిల్లులకు, చేపలకు, ఈ మధ్య ఎక్కువగా కుందేళ్లకు కావలసినవి అమ్ముతాను. పొద్దున్నుంచి నిలబడి కాళ్ళు లాగేస్తున్నాయి. సరిగ్గా అప్పుడే ఒక కొత్త జంట లోపలికి వచ్చి, "కుందేలు తెచ్చుకున్నాం మేడం, దానికి మంచివేముంటే అవన్నీ ఇవ్వండి" అన్నారు. ఆ అమ్మాయి చెయ్యి అప్పటికే గులాబీ పొట్లం మీద ఉంది.

ఇచ్చేసి ఉంటే వాళ్ళు సంతోషంగా వెళ్ళేవాళ్ళు, నేను కాసేపు కూర్చునేదాన్ని. కానీ నా నోటినుంచి ప్రశ్నలే వచ్చాయి. యాడ పెట్టినారు దాన్ని? బోనులో కిందేమేసినారు? మీ ఇంటి సుట్టూ ఏం పండిస్తారు? ఆ అబ్బాయి గడియారం చూసుకున్నాడు. చివరికి ఒక సంచి ఎండుగడ్డి మాత్రం కొని, అంత దూరం వచ్చింది గడ్డికేనా అన్నట్టు ముఖాలు పెట్టుకుని వెళ్ళిపోయారు. వాళ్ళకు తెలియదు గానీ, ఆ ప్రశ్నలు నావి కావు. పుంగనూరు ఖలీల్ సాబ్‌వి.

ఆయనకు పుంగనూరులో దాణా అంగడి ఉండేది. తవుడు, వేరుశనగ చెక్క, కోళ్ల మేత. తర్వాత తర్వాత పిల్లలు పెంచుకునే కుందేళ్లకూ పక్షులకూ కావలసినవి. డిగ్రీ అయ్యాక ఉద్యోగాల పరీక్షలు రాసి రాసి విసిగిపోయి, ఇరవై నాలుగేళ్ళ వయసులో నేను అక్కడ పనిలో చేరాను. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో కళ్ళజోడు, ముఖంలో ఏ తొందరా లేని మనిషి ఆయన. ఒక కిలో తవుడు కొనాలన్నా ఆయనకు పావుగంట జవాబులు చెప్పుకోవాలి. ఆవు ఎన్ని ఈతలది, కోళ్లు ఎన్ని, నీళ్ళు బోరువా బావివా. "సాబ్ అంగడికి పోతే పెండ్లిచూపులకు పోయినట్టే" అని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. నాకైతే నవ్వు వచ్చేది కాదు, ఆయన అడగడం అయ్యేదాకా నిలబడలేక నడుము నొప్పి వచ్చేది.

ఒకసారి కోతమిల్లు నుంచి తెల్లటి రంపపు పొట్టు వచ్చింది. కుందేలు బోనుల్లో పరవడానికి బాగుంటుందని నేనే తెప్పించాను. సాబ్ సంచి మూతి విప్పి, "మొగం పెట్టమ్మా దాంట్లో" అన్నారు.

"యాల సాబ్?"

"పెట్టు. పది లెక్కపెట్టు."

ఆరు దాకా లెక్కపెట్టాను. ఆ తర్వాత సాయంత్రం దాకా తుమ్ముతూనే ఉన్నాను. ఆయన నవ్వలేదు. "కుందేలు ముక్కు నేలకు జానెడు ఎత్తు కూడా ఉండదు. రాత్రింబగళ్ళు ఆ దుమ్ములోనే ఊపిరి తీసుకోవాల. ఎండుగడ్డి పరిస్తే దాని మీదే పడుకుంటాది, ఆకలైతే దాన్నే తింటాది" అన్నారు. ఆ గడ్డి కట్టలోకి కూడా మోచేతి దాకా చెయ్యి దూర్చి చూసేవారు. లోపల వెచ్చగా తగిలినా, బూజు వాసన వచ్చినా ఆ కట్ట అంగడిలోకి వచ్చేది కాదు.

రంగు బిళ్ళల పొట్లాలు అప్పట్లోనే మొదలయ్యాయి. సేల్స్‌మన్ ఇచ్చిన నమూనా పొట్లాన్ని సాబ్ చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది కుందేలు కోసరం చేసింది కాదప్పా, కుందేలును కొనిచ్చినోళ్ళ బిడ్డ కోసరం చేసింది. రంగు సూసేది ఎవురు మరి?" అని తిరిగి ఇచ్చేశారు. కుందేలుకు ఏం పెట్టాలని ఎవరడిగినా ఆయన చెప్పేది ఒక్కటే. ఎండుగడ్డి కడుపునిండా, గరిక దొరికితే గరిక, కొంచెం కొత్తిమీర, పుదీనా. క్యారెట్టు ఎప్పుడైనా గోరంత ముక్క. బొరుగులు, బిస్కెట్లు వద్దే వద్దు. "దినామూ పండగ చేసుకుంటే మనకైనా అరగదు గదా" అనేవారు.

ఆయన ఎందుకు అన్ని ప్రశ్నలు అడుగుతారో ఒకరోజు నేనే విసుగ్గా అడిగాను. అప్పుడు చెప్పారు: "మనిషి తినకూడనిది తింటే కక్కుకుంటాడు. కుక్కా పిల్లీ కక్కుకుంటాయి. కుందేలుకు ఆ దారి లేదమ్మా. నోట్లో పడిందంటే పడిందే. అందుకే ముందే మనం అడగాల." నేను తల ఊపాను. విన్నానే గానీ, ఒంటబట్టించుకోలేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం సాబ్ నమాజుకు వెళ్ళారు. పెద్దపంజాణి వైపు పల్లెకు చెందిన రెడ్డెప్ప అనే రైతు అంగడికి వచ్చాడు. మదనపల్లె మార్కెట్లో టమాటా దించి ఇంటికి పోతూ, చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో తెల్ల కుందేలును తీసుకొస్తున్నాడు. భార్య ఇంటిపనికి కువైట్ వెళ్ళి ఆరు నెలలైందట. పదేళ్ళ కూతురు లావణ్య సరిగా తినడం లేదు, బడికి పోనంటోంది, ఇదైనా తోడుంటుందని కొన్నాడట. "ఏం పెట్టాలమ్మా దీనికి? బిన్నా సెప్పు, బస్సు కదుల్తాండాది" అన్నాడు.

నాకు అన్నీ తెలుసునన్న ధీమా. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా. "గింజల మేత ఒక పిడికెడు చాలు. మిగతాదంతా పచ్చాకే. తోట ఉండాదంటిరి గదా, ఏ ఆకైనా తింటాది" అని ఒక పొట్లం చేతిలో పెట్టాను. డబ్బులిచ్చేటప్పుడు ఆయన వేళ్ళు చూశాను. టమాటా చెట్ల మధ్య పనిచేసే వాళ్ళకు పట్టే పచ్చనల్లటి మరక, గోళ్ళ సందుల్లో కూడా ఉంది. ఆయన తోటలో ఇంకో ఆకు లేదని ఆ చేతులే చెబుతున్నాయి. చూశాను, అడగలేదు.

సాబ్ వచ్చాక గొప్పగా చెప్పాను. ఆయన అడిగింది ఒక్క మాటే: "ఏం తోట?" "టమాటా సాబ్" అన్నాను. "టమాటా ఆకు దానికి విషం గదమ్మా" అంటూ ఆయన చెప్పులు వేసుకుని బస్సులు ఆగే చోటికి పరుగులాంటి నడకతో వెళ్ళారు. బస్సు వెళ్ళిపోయింది. రెడ్డెప్పది ఏ పల్లో, ఫోన్ నంబరేమిటో నాకు తెలియదు. అటువైపు నుంచి వచ్చిన ప్రతి రైతునూ సాబ్ ఆయన గురించి అడుగుతూనే ఉన్నారు.

వారం దాటాక రెడ్డెప్పే వచ్చాడు. మిగిలిన మేత పొట్లం బల్ల మీద పెట్టి, "ఇంక మాకు పనికిరాదు సాబ్, ఇంకెవురికన్నా ఇయ్యండి" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోప్పడి ఉంటే నాకు సులువయ్యేది. ఆ పిల్ల సాళ్ళ వెంట తిరిగి లేత టమాటా ఆకులు ఏరి, తన చేత్తోనే తినిపించిందట. ముందురోజే మందు కొట్టిన సాళ్ళు అవి. రెండు దినాలకు కుందేలు చనిపోయింది.

"అది సచ్చిందని కాదు సాబ్, బిడ్డ అన్నం మానేసింది. నేనే పెట్టినా, నేనే సంపినా అంటాది. వాళ్ళమ్మ ఫోన్ సేస్తే మాట్లాడదు. కుందేలునే సూసుకోలేకపోతి, ఇంక అమ్మ నా కోసరం యాల వస్తాది అంటాది."

సాబ్ అంగడి తలుపులు వేసి, నన్నూ రమ్మన్నారు. ముగ్గురం బస్సెక్కాం. దారిలో మెల్లగా, "బిడ్డకు నువ్వే సెప్పమ్మా. నేను పక్కనుంటా" అన్నారు. సరేనన్నాను. దారంతా మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాను.

లావణ్య గడప మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. కళ్ళు లోపలికి పోయి, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఆ ముఖం చూడగానే నా నోరు పడిపోయింది. సాబ్ నా వైపు చూశారు, కాసేపు ఆగారు. నేను నేల చూశాను. అప్పుడాయన నొప్పి మోకాళ్ళతో కష్టపడి కిందికి కూర్చుని, ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూ అన్నారు: "బిడ్డా, తప్పు నీది కాదు. ఏ ఆకైనా పెట్టమని మీ నాయనకు సెప్పింది నేను. అడగాల్సింది అడగలేదు. నేను సెప్పినట్టే నువ్వు సేసినావు."

రెడ్డెప్ప ఆయన వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు.

"నువ్వా?" అంది ఆ పిల్ల. మరుక్షణం రెండు పిడికిళ్ళతో సాబ్ భుజాల మీద, రొమ్ము మీద కొట్టడం మొదలుపెట్టింది. ఆయన చేతులు అడ్డం పెట్టలేదు. కొట్టి కొట్టి అలిసిపోయి ఏడ్చింది. ఆ పూట అన్నం తిన్నదని, వాళ్ళమ్మతో మాట్లాడిందని రెడ్డెప్ప తర్వాత చెప్పాడు.

తిరుగు బస్సులో నేను, "సాబ్, నేను..." అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపారు. "ఆ బిడ్డకు ఎవురి మీదనో ఒకరి మీద కోపం ఉండాల. దాని మీద దానికి వద్దు. నేను ముసలోన్ని, మోస్తాను." ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నిజంగానే మోశారు. రెడ్డెప్ప పుంగనూరు వచ్చినప్పుడు లావణ్య వెంట వచ్చేది గానీ, మా అంగడి కనబడగానే రోడ్డు దాటి అవతల నడిచేది. ఒకసారి సాబ్ పలకరించబోతే ముఖం తిప్పుకుంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఎంత ఎత్తయింది సూడమ్మా బిడ్డ" అన్నారు. ఒక్క మాట చెబితే అయిపోయేది. నేను తూకం రాళ్ళు సర్దుకుంటూ నిలబడ్డాను. నాకు పెళ్ళై మదనపల్లె వచ్చాను, ఈ అంగడి పెట్టుకున్నాను, పిల్లలు పుట్టారు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఏళ్ళు గడిచాయి. పోయిన ఎండాకాలం ఖలీల్ సాబ్ పోయారు.

లావణ్య కుప్పంలో నర్సింగ్ చదువుతోందని రెడ్డెప్ప ద్వారా తెలిసింది. మూడు నెలల కింద ఒక ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. హాస్టలు గేటు పక్కన సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అని తెలిసీ, జరిగిందంతా చెప్పాను.

"అంటే ఆయన కాదా?"

"కాదు. నేను."

"ఎన్ని తూర్లు తిట్టుకున్నానో అక్కా ఆయన్ని." చున్నీతో కళ్ళు తుడుచుకుంది. "వచ్చే ఆదివారం పుంగనూరుకు పోదామా? ఆయన్ను ఒకసారి సూసొస్తా."

ఆయన పోయారని చెప్పక తప్పలేదు. ఆ పిల్ల ముఖం ఆ రోజు గడప మీద చూసిన ముఖంలా అయిపోయింది.

"ఇన్నేండ్లు సెప్పనిది ఇప్పుడు యాల సెప్పినావక్కా?"

"మోయలేక లావణ్యా. అలిసిపోయినాను."

"నువ్వు దించుకుంటివి" అంది. గొంతు పెంచలేదు. "ఆయన నా మీద లేకుండా సేసిన బరువును తెచ్చి, మళ్ళా నాకే ఎత్తితివి గదక్కా." లేచి, మెల్లగా గేటు లోపలికి వెళ్ళిపోయింది.

నిజం చెబితే మనసు తేలికవుతుందని ఎవరు చెప్పారో గానీ, తిరుగు ప్రయాణమంతా నాకు ఒళ్ళు మండిపోయింది, నా మీద నాకే. అంగడికి వచ్చిన ప్రతివాళ్ళనూ విసుగు పుట్టేలా అడుగుతాను, ఒక చిన్న జీవం నోట్లో ఏం పడబోతుందో అని. కుప్పంలో ఆ పిల్లను మాత్రం ఒక్కటీ అడగలేదు. ఎట్లా ఉందో, పరీక్షలేమైనా ఉన్నాయో, వాళ్ళమ్మ తిరిగొచ్చిందో లేదో, ఈ మాట విని తట్టుకోగలదో లేదో. సాబ్ దగ్గర అన్నేళ్ళు పనిచేసి, రెండోసారీ అదే తప్పు చేశాను. ఈసారి దాన్ని తన మీద వేసుకోవడానికి ఆయన లేరు. ఆదివారాలు ఫోన్ చేస్తాను. ఎక్కువసార్లు ఎత్తదు. నిన్న ఎత్తింది. నేను నా గురించి ఏమీ చెప్పలేదు, క్షమించమని కూడా అడగలేదు. తిన్నావా అని అడిగాను. ఇంకా లేదక్కా అంది. పోయి తినమన్నాను.