ఉతుకు పడని కోట్లు

సిరిసిల్లలో మరమగ్గం నడిపే విమల తానులో పైమడతను ఎన్నడూ నమ్మదు. లోపలి మడత లాగి చూస్తుంది. పక్షవాతంతో పడ్డ అక్క కోసం కోరుట్లలో వృద్ధుల కేర్ హోమ్ చూడబోయినా అదే తీరు.

"ఇయ్యాల సర్కారోళ్ల తనిఖీ ఉందమ్మా, జల్ది చూసుకోండ్రి" అన్నాడు మేనేజర్.

"ఓనర్ ఎవలు?"

"హైదరాబాద్‌ల ఉంటరు" అని మాట దాటేశాడు.

ముగ్గురు నర్సులు తెల్లకోట్లలో నిలబడ్డారు. విమల ఒకరి కోటు అంచు నలిపి చూసింది. గంజి పోలేదు, మడతల గీతలు కూడా చెదరలేదు. మిగతా రెండూ అంతే.

"ఒక్క ఉతుకు గుడ పడలే, ఇయ్యాలనే తొడిగిండ్రు. నిన్నటిదాక గీ ముసలోళ్లను ఎవలు లేపి కూసోవెట్టిండ్రు బిడ్డా?"

నర్సు మేనేజర్ వైపు చూసింది.

"ఎవ్వలు లేపలే" అంది పక్కన మంచం మీదున్న ముసలమ్మ.