మంచి కాలేజీ ఆఖర్న

చీరలు అమ్మడంలో నన్ను మించినవాడు రాజంపేట చుట్టుపక్కల లేడు. ఈ మాట నా దగ్గర చీరలు కొన్నవాళ్ళు చెప్పాలి. వాళ్ళు చెప్పడం లేదు కాబట్టి నేనే చెబుతున్నాను. ఒకసారి తువ్వాలు కోసం వచ్చిన పెద్దమనిషి పదకొండు చీరలు, మేం కూర్చునే చాప, గోడ మీది క్యాలెండరు కూడా కొనుక్కుని పోయాడు. క్యాలెండరు నిరుటిది.

ఈ విద్యకు గుట్టు ఒక్కటే. మా నేతవాళ్ళ ఇళ్ళలో మంచి చీర ముందు చూపరు. నాసిరకంతో మొదలుపెట్టి ఒక్కో మడతా విప్పుతూ పోయి, వచ్చినామె లేవబోయే సమయానికి అసలు చీర తీసి ఒళ్ళో పరుస్తారు. మా తాత అలాగే అమ్మాడు, మా నాయన అలాగే అమ్మాడు. ఆ అలవాటే పోయినేడు మా పాప చదువు మీదికి తెచ్చింది.

పాప ఇంటర్ ముగించి ఇంజనీరింగు ఎంట్రెన్సులో ర్యాంకు తెచ్చుకుంది. ఇక కావలసిన కాలేజీలను వరసగా కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఆప్షన్లు పెట్టడం అంటారు దీన్ని. పాపకు కర్నూలులో ఒక కాలేజీ మీద మనసు. ఎలక్ట్రానిక్సు చదివితే అక్కడే చదవాలట. అంతకు ముందు సంవత్సరం ఆ సీటు ఏ ర్యాంకు దాకా వచ్చిందో చూసుకుని, "నాకు వస్తాది నాయనా" అని ధీమాగా ఉంది. ఇరవై రెండు కాలేజీల పేర్లు నోటుపుస్తకం కాగితం మీద రాసిపెట్టుకుంది. తీరా ఆప్షన్లు పెట్టే రోజుకు జ్వరం ముంచుకొచ్చింది. ఎంత జ్వరమంటే, థర్మామీటరు పగులుతుందేమోనని మా ఆవిడ పెట్టిందే తడవుగా తీసేసింది. పాప కాగితం నా చేతికిచ్చి, "ఉండేది ఉన్నట్టు కొట్టించుకోని రా" అంది.

నెట్ సెంటర్లో కూర్చుని కాగితం చూశాను. కర్నూలు కాలేజీ అన్నిటికన్నా పైన ఉంది! అట్టడుగున మా ఊరికి పక్కనే ఉన్న కాలేజీ. దానికి లెక్చరర్ల కంటే మేకలే క్రమం తప్పకుండా వస్తాయి. పసిపిల్ల, బేరం తెలియదు పాపం అనుకున్నాను.

"అప్పా, కింద నుంచి పైకి కొట్టు" అన్నాను సెంటర్ అతనితో.

"కాగితంలో అట్ల లేదు గదన్నా."

"వ్యాపారం నాకు నేర్పిస్తాండావా? మంచిది ముందే అడిగితే వాళ్ళు బెట్టు చేస్తారప్పా. నువ్వు కొట్టు."

అతను నా వంక చూశాడు, వెనక నిలబడ్డ జనం వంక చూశాడు, కొట్టేశాడు.

ఇంటికొచ్చి ప్రింటు కాగితం గర్వంగా పాప ముందు పరిచాను. పాప దుప్పటి తోసేసి లేచి కూర్చుంది.

"నాయనా, ఇదేంది? కింద ఉండే కాలేజీ మొదట్లో ఉండాది!"

"అదే గదా కిటుకు. మెల్లగా పైకి పోతాం."

"యాడికీ పోము. కంప్యూటరు మొదటి నుంచి చూసుకుంటా వస్తాది. నా ర్యాంకుకు ఏది ముందు దొరికితే అది ఇచ్చేసి, తక్కినవి చూడనే చూడదు. నన్ను మేకల్లో చేర్పించినావు."

మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. "ఏందయ్యా, బిడ్డ రెండేండ్ల చదువును చీరల మూటలో కట్టినావా?"

పాప ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఫోను తీసుకుని ఏదో చదివింది.

"మార్చుకునేదానికి రేపొక్క రోజు ఇచ్చినారు. పొద్దున్నే పోదాం. నేనే కొట్టుకుంటా. నువ్వు బండి నడుపు, చాలు."

మరుసటి రోజు శాలువా కప్పుకుని నా వెనక కూర్చుంది. సెంటర్ చేరేసరికి కరెంటు లేదు, ఇన్వర్టరు కూడా చచ్చి ఉంది. రెండు గంటలు కాచుకున్నాం. పక్కనున్నవాళ్ళకు నేను కరెంటు గురించి ఒక కథ మొదలుపెట్టాను.

"నాయనా, ఈపొద్దు వద్దు" అంది పాప. ఆపేశాను.

కరెంటు రాగానే ఆమే కంప్యూటర్ ముందు కూర్చుంది. కర్నూలు కాలేజీని మొదట పెట్టి, తక్కిన ఇరవై ఒకటీ దాని కిందికి దించింది. చివర్లో నా ఫోనుకు ఓటీపీ వచ్చింది. జీవితంలో మొదటిసారి ఒక్క అంకె కూడా పెంచకుండా చదివాను. పాప రెండుసార్లు సరిచూసుకుని లేచింది.

సీట్లు ప్రకటించిన రోజు మెసేజ్ నా ఫోనుకే వచ్చింది. చదవకుండా పాప చేతికిచ్చాను. చూసి, "కర్నూలు" అంది. అంతే. మా ఆవిడ వీధంతా తిరిగి చక్కెర పంచింది.

చేరడానికి బస్సులో పోతుంటే ఓర్వకల్లు దగ్గర రాళ్ళగుట్టలు కనిపించాయి. వాటిని మా తాత ఒక్కొక్కటే ఎత్తి పేర్చాడని చెప్పాను.

"కింద నుంచా, పై నుంచా?" అంది పాప కిటికీలోంచి చూస్తూనే.

కాలేజీ ఆఫీసు ముందు వరసలో నిలబడ్డాం. మా ముందున్న ఓ తండ్రి, తన బిడ్డకు కోరిన బ్రాంచి రాక, రెండో విడతలో మళ్ళీ ఆప్షన్లు పెట్టే తిప్పలు పడుతున్నాడు.

"ఏమప్పా, పాపకు మంచి సీటే వచ్చినట్టుండాది. ఆప్షన్లు ఎట్ల పెట్టిస్తిరి?" అని నన్నే అడిగాడు.

నేను గొంతు సవరించుకున్నాను.

"నేనే పెట్టుకున్నా పెద్దనాయనా. నీకు కావాల్సింది మొదట రాయించు" అంది పాప. నా చంకలోని సర్టిఫికెట్ల ఫైలు లాక్కుని, "నువ్వు ఈడే కూర్చో నాయనా" అని ఒక్కతే లోపలికి పోయింది.