నాలుగు పేజీలు పెరిగిన బొమ్మల పుస్తకం

2023 వానాకాలం. నారాయణఖేడ్ బస్టాండ్‌కు ఎదురుగా ఉన్న మా డీటీపీ సెంటర్‌లో గిరాకీ పలచగా ఉన్న రోజులవి. డీటీపీ అంటే అక్షరాలూ బొమ్మలూ కంప్యూటర్‌లో పేర్చి అచ్చుకు సిద్ధం చేసే పని. పెళ్లి కార్డులు, దరఖాస్తులు, అన్నింటికన్నా ఎక్కువగా ఫ్లెక్సీలు. ఈ ఊళ్లో ఎవరు పుట్టినా, గెలిచినా, పోయినా నా చేతి మీదుగానే చౌరస్తాకు ఎక్కాలి. పిల్లల బొమ్మల పుస్తకం చేయమని మాత్రం అప్పటిదాకా ఎవరూ రాలేదు.

వచ్చినవాడు సంగమేష్. కంగ్టి రూట్లో ఆటో నడుపుతాడు. ఆ ఎండాకాలంలోనే అతని భార్య రేణుక జబ్బు చేసి పోయింది. ఆమె శ్రద్ధాంజలి ఫ్లెక్సీ చేసింది నేనే.

“అక్కా, నా బిడ్డకు ఒక బుక్కు చెయ్యాలె. బొమ్మలది.”

“దుకాణాల దొరుకుతయి గదా తమ్మీ, గింత ఖర్చు ఎందుకు?”

“గిది యాడ దొరకదు,” అన్నాడు.

అప్పుడు విషయం చెప్పాడు. కూతురు అక్షితకు ఐదేళ్లు. అమ్మ పట్నం దవాఖానలో ఉందని ఇంట్లోవాళ్లు ఆ పిల్లను నమ్మించారు. చౌరస్తాలో తల్లి ఫ్లెక్సీ కనబడగానే పిల్ల సంబరపడిపోయిందట. నవ్వుతున్న ఫొటో, చుట్టూ పూలు, కింద వరసగా బంధువుల ముఖాలు. బర్త్‌డే ఫ్లెక్సీకీ దానికీ తేడా చదివితేనే తెలుస్తుంది. ఆ పిల్లకు ఇంకా చదవడం రాదు. అమ్మ పుట్టినరోజు అనుకుంది.

“కేకు ఎప్పుడు కోస్తరని దినాం అడుగుతుంది అక్కా. నాకు నోరు పెగుల్తలేదు. బుక్కు జూపించుకుంట చెప్త.”

ఆ పూలు నేను పెట్టినవే. ముందే తయారుగా ఉంచుకునే నమూనాను టెంప్లేట్ అంటాం. పేరూ ఫొటో మారిస్తే పని అయిపోతుంది, పూలు అన్నింటికీ అవే. అందరూ చేసే పనే. అయినా ఆ పూట నాకు అన్నం సయించలేదు.

కథ అతను చెబుతుంటే నేను టైపు చేశాను. రొట్టెలు చేసే అమ్మ, జడలు వేసే అమ్మ, ఆటోలో పక్కన కూర్చుని పాటలు పాడే అమ్మ. ఫొటోలు చూసి గీతల బొమ్మలు గీశాను. నా బొమ్మలు అంతంతమాత్రమే గానీ రేణుక నవ్వు మాత్రం బాగా కుదిరింది. చివరి పేజీ దగ్గర మా ఇద్దరికీ పేచీ వచ్చింది.

“చుక్క అయిందని రాద్దాం తమ్మీ. నీలం ఆకాశం పెడ్త. మంచిగ కనవడ్తది.”

“వద్దక్కా. చుక్కలు జూసుకుంట ఎప్పుడు దిగొస్తది అంటది. మల్ల నేనేం జెప్పాలె? చచ్చిపోయింది, ఇగ రాదు అని రాయి.”

“గంత సాఫ్‌గ చెప్తరా చిన్నపిల్లకు?”

“చెప్పకనే గదా గింత పరేషాన్!”

అతను అన్నట్టే రాశాను. పక్కన దండ వేసిన ఫొటో గీశాను.

అచ్చుకు ముందు సరిచూసుకునే నకలును ప్రూఫ్ అంటాం. దాని కోసం అక్షితను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంట్లో చదివితే ఆడవాళ్ల ఏడుపులకు పిల్ల బెదురుతుందని నా దుకాణంలోనే కూర్చుని చదివాడు. ఎక్కడా ఆపలేదు. చివరి పేజీ బొమ్మను ఆ పిల్ల చాలాసేపు చూసింది.

“దవాఖానల లేదా?”

“లేదు బిడ్డా.”

“మల్ల నాకు జడలు ఎవలేస్తరు?”

నేను మొహం తిప్పుకున్నాను. “నేనేస్త. మంచిగ రాదు గని నేర్చుకుంట,” అన్నాడు సంగమేష్. కాసేపటికి నాతో, “అక్కా, గీ ముచ్చట గూడ పెట్టు. ఇంకొక్క పేజీ,” అన్నాడు.

ఒక్క పేజీ కుదరదు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకంలో ఒక కాగితం మడిస్తే నాలుగు పేజీలవుతాయి. పెంచితే నాలుగూ పెంచాలి. ఆ మాటే చెప్పాను.

“అయితే నాలుగు పెట్టు. ఏం రాయాల్నో నా బిడ్డనే అడుగుదాం.”

అక్షిత ఒక్కొక్కటే చెప్పింది. నాయిన జడలేస్తడు. ఆటోల బడికి తీస్కపోతడు. అత్తమ్మ రొట్టె చేస్తది. నాలుగోదానికి తడుముకుని, “అమ్మ యాదికొస్తే నాయినకు చెప్త,” అంది. అప్పుడు ఏడ్చింది, తండ్రి ఒళ్లో. ఏడవనిచ్చాం.

అచ్చు వేయించింది కొద్ది కాపీలే. రాసిందీ ప్రచురించిందీ అతనే. అట్ట మీద తన పేరు చూసుకుని తెగ సిగ్గుపడ్డాడు. పుస్తకాలు తీసుకోవడానికి వచ్చిన రోజు, పెళ్లి కార్డు కోసం కూర్చున్న ఒకావిడ అక్షిత వంకరజడలు చూసి నవ్వింది.

“గివేం జడలే పిల్లా? ఇంట్ల అమ్మ లేదా?”

మాట మారుద్దామని నేను కుర్చీలోంచి లేచాను.

“లేదు. చచ్చిపోయింది,” అంది అక్షిత. పుస్తకం తెరిచి ఆమె ఒళ్లో పెట్టి జడల బొమ్మ చూపించింది. “మా నాయిన నేర్చుకుంటుండు.”

ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పిల్లను దగ్గరికి లాక్కుని జడలు విప్పింది. “ఇటు దా తమ్మీ, పాయలు ఎట్ల దీయాల్నో జూడు,” అని సంగమేష్‌ను పిలిచింది.

దాచినన్నాళ్లు ఆ తండ్రీకూతుళ్లకు సాయం చేద్దామన్నా ఎవరికీ దారి లేకపోయింది. పిల్ల నోట నిజం వచ్చాక ముక్కూమొహం తెలియని మనిషి చేయి వేసింది. ఇన్నేళ్ల నా పనిలో నేను నేర్చుకున్నది అదే.