అక్క, మిరప బస్తాలు

మొన్న భూపాలపల్లి అంగడిలో ఎండుమిరపకాయల బస్తా కనిపిస్తే, పైనున్న కాయల వంక చూడకుండా, కొంగు నడుముకు దోపుకుని మోచేతి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి అడుగున ఉన్న పిడికెడు కాయలు పైకి లాగాను. "ఏందక్కా, గంత నమ్మకం లేదా మామీద?" అని అమ్మే ఆవిడ మూతి ముడిచింది. నీమీదనే కాదు తల్లీ, ఎవరిమీదా లేదు అనుకున్నాను. ఆ ఘాటు ముక్కుకెక్కి తుమ్ము వచ్చిందో లేదో, మరిపెడలో మా బాపు మిర్చి దుకాణం, దాని వెనకనే మా ఇల్లు, బస్తాల సందులో కూర్చున్న మా శారదక్క, అన్నీ కళ్లముందుకు వచ్చాయి.

మాఘం దాటి ఎండలు ముదిరే రోజుల్లో కల్లాల నుంచి వచ్చిన బస్తాలు దుకాణం నిండి, వాకిలి నిండి, మేం పడుకునే గదిలోకి కూడా వచ్చేసేవి. అన్నంలో ఘాటు, దుప్పట్లో ఘాటు, బడికి వేసుకుపోయే గౌనులో కూడా ఘాటే. బస్తా మూతి దగ్గరి కాయల్ని చూసి బాపు ఏదీ కొనేవాడు కాదు. పైన నిగనిగలాడే కాయలు పోసి, అడుగున తెల్లబడిన తాలుకాయలో, బరువు కోసం నీళ్లు చల్లినవో పెట్టేవాళ్లుంటారని, చెయ్యి అడుగు దాకా పోనిచ్చి తీసి, నలిపి, వాసన చూసేవాడు. అది చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి, మనుషులకూ అడుగు ఉంటుందని నాకు చిన్నప్పుడే తెలిసిపోయింది. చుట్టం మిఠాయి తెస్తే ఎందుకు తెచ్చాడు, పక్కింటావిడ ఇవాళ 'బిడ్డా' అని ఎందుకు పిలిచింది, వామనగుంటలాడే సోపతి పిల్లలు గుప్పిట్లో చింతగింజ దాచారా, అంతా అనుమానమే.

ఒక్క శారదక్క దగ్గర తప్ప. ఆమె నాకంటే పెద్దది. ఆటిజం అనే మాట చాలా ఏళ్ల తర్వాత వరంగల్ దవాఖానలో విన్నాం. అప్పట్లో వాడలో ఆమె పేరు 'ఎడ్డి పిల్ల'. చింతగింజల్ని గడప పొడుగునా పేర్చేది, ఒక్కటి జరిగినా ఇల్లు ఎగిరిపోయేలా అరిచేది. పండగకు పూర్ణం పెట్టి కాల్చే భక్షం గుండ్రంగా లేకపోతే ముట్టేది కాదు. ఎవరైనా ఒంటిమీద చెయ్యి వేస్తే ముడుచుకుపోయేది, కానీ తనకు కావలసినవాళ్ల తల వాసన చూసేది. నేను బడి నుంచి రాగానే దర్వాజ దగ్గర ఆపి, నా తలకు ముక్కు ఆనించి గట్టిగా పీల్చి, అప్పుడే లోపలికి రానిచ్చేది. బెల్లం ఎవరు తిన్నారని అమ్మ అడిగితే, తను తింటే "నేను" అనేది, నేను తింటే నన్నే చూపించేది. ఒళ్లు మండేది. అయినా ఊరంతటిలో ఆమె పక్కన మాత్రమే నాకు మనసు నిమ్మళంగా ఉండేది. పైన ఒకటి, అడుగున ఒకటి లేని మనిషి పక్కన కూర్చోవడం ఎంత సుఖమో, అలాంటి మనిషి ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

ఆమెకు ఇంకో అలవాటుండేది. విన్న మాటను దాచుకుని, ఎప్పుడో ఒకప్పుడు, అన్నవాళ్ల గొంతుతోనే అనేది. పాలామె కేక, బస్సు కండక్టరు అరుపు, పక్కింటి గొడవ, అన్నీ మా ఇంట్లో ఇంకోసారి వినిపించేవి.

ఆ ఏడు ఉగాదికి జనగామ నుంచి మా మేనత్త, మామ వచ్చారు. కొత్త కుండలో పచ్చడి, వేపపూత, మామిడి ముక్కలు, పెనం మీద నెయ్యిలో కాలుతున్న భక్షాలు, వాటన్నిటినీ మించి మిర్చి ఘాటు. ఎప్పుడూ అక్కను చూసి మొహం తిప్పుకునే అత్త, ఈసారి అక్కకు కొత్త లంగా, కాళ్లకు పట్టీలు తెచ్చింది. నాకేమీ తేలేదు. అక్కడే నాకు అనుమానం పుట్టింది.

"శారదను జర నాతోని పంపు తమ్మీ. వారం దినాలుంచుకోని తోలిస్త. పిల్లకు గాలి మారుతది" అంది అత్త. బాపు సరేనన్నాడు. అడుగు చూడనిదే బస్తా కొనని మనిషి, తోడబుట్టినదాని మాట దగ్గరికొచ్చేసరికి మూతి దగ్గరే ఆగిపోయాడు. నేను చొక్కా పట్టుకుని లాగి "అత్త అబద్ధం చెప్తున్నది బాపు" అంటే, "పెద్దమనిషిని గట్లంటరా?" అని కసిరాడు. నా దగ్గర రుజువేముంది, వట్టి అనుమానం తప్ప? సాయంత్రం బస్సుకు అక్క వెళ్లిపోతుంది, మళ్లీ రాదు అనిపించింది.

మధ్యాహ్నం అందరం విస్తళ్ల ముందు కూర్చున్నాం. అక్క భక్షాన్ని అంచుల వెంట తిప్పి తిప్పి చూస్తూ, ఉన్నట్టుండి అత్తలాగే నాలుక చప్పరించి, అచ్చం అత్త గొంతుతో అంది: "హాస్టల్ల ఇడిసిపెడదాం. రెండు దినాలు ఏడుస్తది, మల్ల మరుస్తది. ఎడ్డిది ఇంట్లుంటే చిన్నదానికి సంబంధం యాడికెల్లి వస్తది?"

పొద్దున అత్త, మామ గుసగుసలాడుకున్నప్పుడు అక్క ఆ బస్తాల సందులోనే ఉంది. ఉన్నా లేనట్టే లెక్క అనుకున్నారు. అక్క ఇంకోసారి, అదే గొంతుతో, అదే మాట అని, భక్షం తుంచింది. అర్థమై అందో, ఊరికే అందో నాకు ఈనాటికీ తెలియదు.

అత్త ఏడ్చేసింది. "చిన్నదాని మంచికే గద తమ్మీ." అందులో అబద్ధం లేదు. నా పెళ్లి కోసమే మా అక్కను వదిలించుకోవాలనుకున్నారని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. బాపు లేచి చెయ్యి కడుక్కుని వచ్చి, అక్క ముందు కూర్చుని తల వంచాడు. అక్క ముక్కు ఆనించి పీల్చి, మిర్చి ఘాటుకు పెద్దగా తుమ్మింది.

"శారద యాడికి రాదక్కా. మీరు తినుండ్రి" అన్నాడు బాపు.

ఇప్పుడు బాపు లేడు, దుకాణం లేదు. బస్తాలు లారీల్లో నేరుగా కోల్డ్ స్టోరేజీలకు పోతున్నాయి, మిర్చి బస్తాల మధ్య నిద్రపోయే పిల్లలు మరిపెడలో ఇంకా ఉన్నారో లేదో. అక్క నాతోనే ఉంటుంది. పెళ్లిచూపులకొచ్చినాయన, నేను అడగగానే అక్క ముందు తల వంచాడు కాబట్టే ఆయన్ని చేసుకున్నాను. అయినా ఆయన చెప్పే మాటల అడుగు ఇప్పటికీ చూస్తూనే ఉంటాను.

మొన్న అంగడి నుంచి వచ్చేసరికి అక్క దర్వాజ దగ్గరే నిలబడి ఉంది. సంచి దించకముందే నా తలకు ముక్కు ఆనించింది. ఎందుకో ఈసారి చాలాసేపు పీల్చింది. ఊరందరి అడుగూ చూసే నేను, నా అడుగున ఏం దొరికిందోనని ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. కాసేపటికి అక్క పక్కకు జరిగి, లోపలికి రానిచ్చింది.